బోణీ పారేయమన్న గిరాకి

మా నాయిన దుకాణంల ఫోన్ ఎత్తి చెవికి పెట్టుకొని, పైకి వినపడేటట్టు కేకేసిండు. "ఏందిరా ఇది? ఎవడో ఎవన్నో గొంతు పిసుకుతుండు!"

ఆ గొంతు నా కంప్యూటర్ మోడెమ్‌దే. పటాన్‌చెరుల మా ఇనుప సామాన్ల దుకాణానికి, దాని మీద మేముండే ఇంటికి కలిపి ఒకటే ఫోన్ లైను. ఇంటి మీదున్న పై గదిల నేను ఇంటర్నెట్టు పెట్టినంతసేపు కింద దుకాణానికి ఫోన్ రాదు. బొల్లారం కంపెనీల స్టోర్ కీపర్లు తాళ్లు, బోల్టులు, రబ్బరు గ్లౌజులు కావాల్నని ఫోన్ చేసి చేసి, ఎప్పుడూ ఎంగేజే వస్తుంటె విసుక్కొని, పక్క దుకాణానికి చేసెటోళ్లు. ఈ సంగతి తెలిసినకాడికెళ్లి మా నాయిన నన్ను చూసే చూపుల తుప్పు పట్టిన మేకును చూసే చూపు వచ్చి చేరింది.

ఇగ నా పని ఏందో చెప్పాలె. రెండువేలు దాటిన తొలి ఏండ్లు అవి. ఎక్కడెక్కడో ఉన్నోళ్లు, ఒకరి మొహం ఒకరు చూడనోళ్లు, కలిసి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ తయారు చేస్తుండిరి. అమ్ముడు లేదు, ఉత్తగనే ఇచ్చుడు. లోపల ఏమున్నదో ఎవరైన విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఎవరో రాసిన ప్రోగ్రామును తెచ్చి, ఆ సిస్టమ్‌ల సరిగ్గ కూసునేటట్టు అక్కడింత ఇక్కడింత కత్తిరించి, పేరు రాసి, అందరికీ అందే అరల పెడితే దాన్ని ప్యాకేజీ అంటరు. అది చెడిపోకుంట చూసుకునేటోడు మెయింటైనర్. మా దుకాణం లెక్కల చెప్పాల్నంటే పొట్లం కట్టుడు. ఊహ తెలిసినప్పటికెళ్లి మేకుల పొట్లాలు కట్టిన చేతులు నావి. ఇది నాకోసం పుట్టిన పనే అనుకున్న.

ఆ కొలువు నాకెట్ల దొరికిందో చెప్తే నా బేరం తెలివి ఎంతటిదో మీకే తెలుస్తది.

ఆ సిస్టమ్‌ల బెంచ్‌మార్కులని ఒక విభాగం ఉండె. కంప్యూటర్ ఎంత జోరుగ లెక్క చేస్తది, డిస్కు ఎంత జల్దీ చదువుతది అని కొలిచే ప్రోగ్రాములన్నీ ఆ అరల ఉంటయి. ఆ విభాగం చూసే పెద్దమనిషి ఎక్కడో మంచు కురిసే దేశంల ఉంటడు. ఒకనాడు ఆయన అందరికీ కలిపి ఒక మెయిల్ పెట్టిండు. డిస్కు కొలిచే ఒక ప్యాకేజీకి దిక్కు లేకుంట పోయిందట, ఎవరన్న తీసుకుంటరా అని. నాకైతే అది కావాల్నని ప్రాణం కొట్టుకుంటున్నది. గని నచ్చిన సరుకును నచ్చిందని చెప్పేటోడు మా ఇంట్ల ఇంతవరకు పుట్టలే. "ఒక్కటే ఐతే నాకు గిట్టుబాటు కాదు. ఇంకేమన్న కలిపిస్తే ఆలోచిస్త," అని రాసిన.

నేను చాయ్ తాగి వచ్చేలోపల జవాబు వచ్చింది. "చాలా సంతోషం. ఇంకో అరడజను కలిపి ఇస్తున్న," అని.

ఆ పూటంతా ఇంట్ల లేని మీసం తిప్పుకుంట తిరిగిన. అవతలోడు బేరమే ఆడకుంట ఒప్పుకుంటే సరుకుల ఏదో లొసుగున్నదని మా బజారుల పాలు తాగే పిలగాడికి గూడ తెలుసు. నాకు మాత్రం తెలవలే. కొన్నొద్దులకే సిస్టమ్‌కు, ప్రోగ్రాములను మిషిన్ భాషలకు మార్చే కొత్త కంపైలర్ వచ్చింది. దాంతోని నా పొట్లాలన్నీ ఒకదాని ఎనక ఒకటి పలిగినయి. ఒకదాన్ని రాసినాయన ఎన్నడో కంప్యూటర్లు ఇడిసిపెట్టి తేనెటీగలు పెంచుకోనీకె పోయిండట. ఇంకోదాంట్ల ఏది ఎందుకు రాసిండ్రో చెప్పే మాటలన్నీ నాకు రాని భాషల ఉండె. హోలీ అయిపోయిన తెల్లారి పిచికారీలను హోల్‌సేల్ల కొనుక్కొచ్చుకున్నోని తీరు అయింది నా పని.

అమ్మ అన్నం పెట్టుకుంట నా మొహం చూసింది. "ఏమైందిరా?"

"నాకిచ్చినయన్నీ పలిగినయమ్మా."

"ఎవలు ఇచ్చిండ్రు?"

"ఎవలో. దూరదేశపోళ్లు."

"బలవంతంగ ఇచ్చిండ్రా?"

"లేదు. నేనే ఎక్కువియ్యమని అడిగిన."

అమ్మ ఇంకింత పప్పేసి లోపలికి వోయింది. ఆమె నవ్వు వంటింట్లకెళ్లి ఇనవడ్డది.

అయినా ఇడిసిపెట్టలే. ఒక్కొక్కటే అతికిచ్చుకుంట వచ్చిన. నా కంప్యూటర్ పాతది. ఒక ప్యాకేజీ కట్టుడు మొదలువెడితే కంపెనీ బస్సు బొల్లారం వోయి షిఫ్టోళ్లను దింపి వాపస్ వచ్చినా అది ఇంకా అయ్యేది కాదు. అయ్యే టైముకు సరిగ్గ కరెంటు పోయేది. యూపీఎస్ కుయ్యోమంటుంటె, దాని పానం పోకముందే అన్నీ బందు చేసుకునే కాడ నేను పడ్డ పరేషాన్ నాకే తెలుసు.

అతికిచ్చిన వాటిల అన్నిటికన్న ఎక్కువ పేరున్నది ఆ డిస్కు కొలిచే ప్యాకేజీ, నేను మొదట ఆశపడ్డది. దాంట్ల ఒక పద్ధతి ఉండె. డిస్కును ఎన్నో మార్లు చదివిచ్చి, మొదటిసారి వచ్చిన కొలతను పారేసి, మిగిలినయాటి సగటు చూపెట్టాలె. మొదటిసారి మిషిన్ ఇంకా తోవల పడి ఉండదు కాబట్టి ఆ కొలత ఎప్పుడూ తక్కువ వస్తదట. అది చదివి నాకు నెత్తి తిరిగింది. మొదటిదాన్ని పారేసుడు! అంటే బోణీని చెత్తల ఏసుడు!

మా దుకాణంల బోణీ అంటే ఏందో తెలియనోళ్లకు చెప్పాలె. పొద్దుగాల శెటర్ ఎత్తినంక వచ్చిన మొదటి గిరాకిని వట్టి చేతులతోని పంపొద్దు. పంపితే ఆ దినమంతా పాడే. నష్టానికి అమ్మినా సరే, గుప్పెడు మేకులు కొనుక్కున్నా సరే, అమ్మాల్సిందే. బీహార్‌కెళ్లి వచ్చిన వెల్డర్ ఒకడు ఈ గుట్టు పట్టిండు. రోజూ శెటర్ చప్పుడు వినంగనే దిగేటోడు. "సేఠ్‌జీ, బోణీ టైం హై," అని నవ్వుకుంట నోటికొచ్చిన ధర అడిగేటోడు. మా నాయిన కాదంటే పోతున్నట్టు మెట్లు దిగేటోడు. మా నాయిన ఎనకనే మెట్లు దిగి, వాని భుజం మీద చెయ్యేసి వాపస్ పట్టుకొచ్చేటోడు. వాడు పోయినంక నోటికొచ్చినట్టు తిట్టేటోడు గని, బోణీ మాత్రం ఎన్నడూ ఇడిసిపెట్టలే.

అటువంటి ఇంట్ల పుట్టినోణ్ని నేను. మొదటి కొలతను పారేసే వాక్యాన్ని తీసేసిన. బోణీ గూడ లెక్కల కలిసేటట్టు చేసి పొట్లం కట్టిన. ఎంతో ధర్మం చేసినట్టు అనిపిచ్చింది.

ఇది ఇట్ల నడుస్తుంటె మా నాయిన కండ్లల్ల శుక్లాలు పెరిగినయి. తొమ్మిది నంబరు బోల్టుకు, పది నంబరు బోల్టుకు తేడా చేతితోని తడిమి చెప్తుండె గని, చేతిల పెట్టిన నోటు ఏందో చూడనీకె ఎలుతురుల పట్టుకొని తిప్పుతుండె. సంగారెడ్డి దవాఖానల డాక్టర్ ఆపరేషన్ చెయ్యాల్నన్నడు. చేసినంక గూడ మా దుకాణం దుమ్ముల, ఇనుప రజనుల కూసోవద్దన్నడు, శాన దినాలు.

ఆ సాయంత్రం మా నాయిన నన్ను పిలిచిండు.

"ఇగ గల్లా పెట్టె కాడ నువ్వే కూసోవాలె."

"ఎన్ని దినాలు?"

"కూసున్నోడు మళ్ల లేస్తడా? నేను లేసిన్నా?"

గల్లల కూసుంటే పై గది పోతది. నా పొట్లాలన్నీ పోతయి. "నాయినా, నాకు పైన పనున్నది."

"ఏం పని? చెప్పు. ఈరోజన్న నాకు సమజయ్యేటట్టు చెప్పు."

"కంప్యూటర్ ఎంత జోరుగ ఉరుకుతదో తూసే ప్రోగ్రాములు చూసుకుంట."

"అంటే కాంటాలు."

"కాంటాలే అనుకో."

"కాంటాలు అమ్ముతవు."

"అమ్మ. ఉత్తగ ఇస్త."

మా నాయిన మా అమ్మ దిక్కు తిరిగిండు. "ఏమే, ఇన్నవా? కాంటాలు ఉత్తగ ఇస్తడంట." మళ్ల నా దిక్కు తిరిగి, "పోనీ, ఆ కాంటాల మీద తూసే బియ్యమన్న మనయేనా?"

"కాదు. ఎవరి బియ్యం వాళ్లే తెచ్చుకొని తూసుకుంటరు."

"తూసుకొని?"

"వాళ్లిండ్లకు పోతరు."

"పోయేటోళ్లను నువ్వు చూసినవా?"

చూడలే. ఒక్కణ్ని గూడ చూడలే. నా ప్యాకేజీలను ఎవరు వాడుతుండ్రో, అసలు ఎవరన్న వాడుతుండ్రో నాకు తెలిసే మార్గమే లేదు. నేను నసుగుతుంటె మా నాయినకు సంగతి అర్థమైంది. బేరంల అవతలోని బలహీనత దొరకంగనే ఆయన గొంతు మెత్తగైతది. అప్పుడు గూడ అట్లనే అయింది.

"చూడు బిడ్డా. గిరాకి లేని దుకాణం దుకాణం కాదు. నా కంటి కట్టు ఇప్పేలోపల ఒక్క గిరాకిని చూపెట్టు. ఒక్కడు చాలు. నీ జోలికి రాను. చూపెట్టకపోతే గల్లల కూసో."

ఒప్పుకున్న. ఒక్కడే గదా అనుకున్న. మొత్తం ప్రపంచంల ఒక్క మనిషి.

నేను మొదట పట్టుకున్నది మా దుకాణానికి స్క్రూల కోసం వచ్చే ఒక ఇంజినీరును. కోస్తా దిక్కుకెళ్లి పెద్ద ఫ్యాక్టరీల ఉద్యోగానికి వచ్చి పటేల్‌గూడల ఇల్లు కట్టుకున్నడు. ఇంట్ల కంప్యూటర్ కొన్నడని, దాన్ని చూసి చూసి మురుస్తుండని మాకందరికీ తెలుసు. పెట్టంగనే దానిమీదినుంచే నడిచేటట్టు ఒక సీడీల మా సిస్టమ్‌ను, అండ్ల నా ప్యాకేజీలను ఏసి ఇచ్చిన.

"దేనికి పనికొస్తుంది బాబూ ఇది?" అన్నడు.

"మీ కంప్యూటర్ ఎంత స్పీడో చెప్తది సార్."

"చాలా స్పీడండీ మాది. కొత్తది కదా. సరే, అదీ చూసేద్దాం."

నాలుగు దినాలకు దుకాణానికి వచ్చి, సీడీ బల్ల మీద పెట్టిండు. మొహం మాడిపోయి ఉన్నది.

"మా తోడల్లుడి దాంట్లో కూడా వేసి చూశాం బాబూ."

"ఏమొచ్చింది సార్?"

"అతనిది రెండేళ్ల కిందటి డొక్కు. దానికన్నా నాది తక్కువ చూపించింది. మా ఆవిడ ఎదురుగానే చూపించింది. మీ ప్రోగ్రామే తప్పు."

"మల్లొకసారి చూడండి సార్, ఒక్కోసారి..."

"నాలుగుసార్లు చూశాను. నాలుగుసార్లూ అతనే గెలిచాడు. నాకొద్దు బాబూ ఇది. ఆ స్క్రూలు కట్టించు."

గల్లల కూసున్న మా నాయిన ఇదంతా ఇన్నడు. స్క్రూల పొట్లం కట్టుకుంట, "మంచిగున్నది నీ కాంటా," అన్నడు. "తూసినోణ్ని తూసినట్టే ఎల్లగొడుతున్నది."

ఆ తరువాత సంగారెడ్డిల కంప్యూటర్ నేర్పే సెంటర్ల అడిగిన. ఉత్తగ ఇస్త అనంగనే అక్కడి సారుకు అనుమానం వచ్చింది. దీంట్ల ఏమన్న వైరస్ ఉన్నదా అని సీడీని అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు. ఉత్తగ ఇచ్చేదాన్ని మనుషులు ఎంత భయపడి చూస్తరో దుకాణదారు కొడుకునై గూడ నాకు అప్పుడే తెలిసింది. ధర చెప్పి, తగ్గిచ్చి, తగ్గిచ్చి, ఆఖరికి ఉత్తగ ఇచ్చి ఉంటే తీసుకుంటుండెనేమో.

ఇంతల ఆపరేషన్ అయింది. మా నాయిన ఆకుపచ్చ గుడ్డ కట్టుకొని, దాని మీద నల్ల అద్దాలు పెట్టుకొని, మంచం నడుమ కూసున్నడు. దుకాణం ఆ కొన్ని దినాలు సగం శెటర్ ఏసి నేనే చూసుకుంటున్న. మధ్యమధ్యల పైకి ఉరికి మెయిల్ చూసుకుంటున్న. కట్టు ఇప్పే దినం దగ్గర పడుతున్నది. నా గిరాకి జాడ లేదు.

ఒకనాడు పగటి అన్నం టైముకు శెటర్ దించి పైకి వోయి మెయిల్ తెరిచిన. అండ్ల ఒకడు నన్ను తిట్టి పెట్టిండు.

మామూలు తిట్టుడు కాదు, పద్ధతిగ, కారణాలతోని తిట్టుడు. ఆయనెవరో వేరే వేరే ఆపరేటింగ్ సిస్టములను ఒకదానితోని ఒకటి పోటీ పెట్టి చూసేటోడట. అన్నిట్ల అదే డిస్కు కొలిచే ప్రోగ్రామును నడిపిండట. మా సిస్టమ్ అందరికన్న ఎనకవడ్డదట. ఇట్లెట్లయితదని తవ్వి చూస్తే, మొదటి కొలతను పారేసే వాక్యాన్ని మెయింటైనర్ చేతులార తీసేసినట్టు దొరికిందట. "ఇంతమంది కష్టపడి చేసిన సిస్టమ్‌ను నీ ఒక్క ప్యాకేజీ నత్తను చేసింది. ఇది ఎందుకు తీసేసినవో నాకు చెప్పాలె," అని రాసిండు.

పటాన్‌చెరు బోణీ పట్టింపు ఒకటి ప్రపంచంల అందరి ముంగట మా సిస్టమ్ ఇజ్జత్ తీసింది. కిందికి ఇంట్లకు వచ్చి పీట మీద కూలబడ్డ.

"ఏమైందిరా?" అన్నది అమ్మ.

"ఒకడు తిట్టిండు."

మంచం మీదికెళ్లి నల్ల అద్దాలు నా దిక్కు తిరిగినయి. "ఎవడు? ఎందుకు తిట్టిండు?"

"నా ప్యాకేజీ బాగలేదని."

"వానికెట్ల తెలుసు బాగలేదని?"

"వాడి చూసిండు గదా."

"ఎక్కడ దొరికింది వానికి?"

"మా అరలకెళ్లే తీసుకున్నడు."

"తీసుకొని, ఇంటికి వోయి, వాడి చూసి, బాగలేదని మళ్ల నీ దగ్గరికే వచ్చి తిట్టిండు. అంతేనా?"

"అంతే."

మా నాయిన మంచం మీద చరిచిండు. "అరే పిచ్చోడా! వాడు గిరాకిరా!"

అమ్మ గంటె పట్టుకొని గడప కాడికి వచ్చింది.

"పక్క దుకాణంల కొన్నోడు నా దగ్గరికి వచ్చి తిడతడా?" అన్నడు మా నాయిన. "కొన్నోడే తిడతడు. వచ్చిండురా నీ గిరాకి! పైకి వోయి ఆ ఫోన్ పట్టుకొని మాట్లాడు."

"ఫోన్ కాదు నాయినా, మెయిల్."

"ఏదో ఒకటి. గిరాకి మెట్ల మీద నిలవడి తిడుతుంటె నువ్వు పీట మీద కూసుంటవా? నడువు. నేను గూడ వస్త."

ఆయన భుజం పట్టుకొని మెట్లెక్కిచ్చి నా కుర్చీ పక్కన కూసోవెట్టిన. మెయిల్ మొత్తం తెలుగుల చదివి చెప్పిన. బోణీ కాడికి వచ్చేసరికి ఆయన చెయ్యి లేసింది.

"ఆగు. మొదటిదాన్ని పారెయ్యమంటుండా?"

"ఆ."

"బోణీని?"

"వాళ్ల దాంట్ల బోణీ అనరు నాయినా."

"అనకపోతే ఏంది, మొదటిది మొదటిదే గదా!" చానాసేపు గొణిగిండు. తరువాత, "ఎందుకు పారెయ్యమంటుండో అది చెప్పు," అన్నడు.

"మొదటిసారి అంతా డిస్కు మీదికెళ్లి తెచ్చుకోవాలె. ఒకసారి తెచ్చుకున్నంక కంప్యూటర్ గుర్తు పెట్టుకుంటది. రెండోసారి అడిగితే జల్దీ ఇస్తది."

"అంటే మొదటి గిరాకికి గోదాముకు వోయి తేవాలె. రెండోటోనికి బల్ల మీదనే ఉంటది."

"గట్లనే."

"వీడు బల్ల మీద అమ్మే తీరును అడుగుతుండు. నువ్వు గోదాముకు వోయి వచ్చిన టైము గూడ వాని లెక్కల కలిపినవ్." నల్ల అద్దాలు ముక్కు మీదికి నెట్టుకున్నడు. "వాడు తిట్టిన దాంట్ల కొంత న్యాయం ఉన్నది. గని బోణీ తీసేస్తమని మాత్రం రాయకు. మొదటి మాటకే దిగితే గిరాకికి సరుకు మీద గౌరవం పోతది."

ఇగ ఆయన చెప్తుంటె నేను రాసిన. ముందుగాల గిరాకిని కూసోవెట్టాలన్నడు. మెయిల్ల కూసోవెట్టుడు ఎట్ల అంటే, "బాగున్నవా అని అడుగు, మీ దిక్కు వానలెట్లున్నయని అడుగు," అన్నడు. సిగ్గుపడుకుంట రాసిన. తరువాత మొదటి కొలత మాకు ముఖ్యమని, దాన్ని పారెయ్యలేమని రాసిన. ఎందుకు ముఖ్యమో మాత్రం రాయలే. బోణీ అంటే ఏందో ఇంగ్లీషుల రాసే ధైర్యం నాకు లేకుండె.

తెల్లారి జవాబు వచ్చింది. వాళ్ల దిక్కు వానలు ఎక్కువే పడ్డయంట, ఆయన ఇంటి కింది గది నిండ నీళ్లేనంట. అది ఒక పేరా నిండ రాసిండు. ఆ తరువాత మళ్ల మొదలువెట్టిండు. పారెయ్యకపోతే ఈ ప్యాకేజీని నీ చేతిలకెళ్లి తీసుకొమ్మని అందరికీ రాస్త అని.

"నాయినా, తీసుకుంటడంట!"

"ఎంత పొడుగు రాసిండు?"

"చాన పొడుగు రాసిండు."

"పోయేటోడు అంత పొడుగు రాస్తడా? పోత పోత అనుకుంట మెట్టు మీదనే నిలవడ్డడు. ఇగ దించు."

ఎంత దించాల్నో ఇద్దరం కూసొని మాట్లాడుకున్నం. ఇంత సేపు మా నాయిన నాతోని కూసొని మాట్లాడింది నాకు గుర్తు లేదు. ఆఖరుకు ఒక కాడికి వచ్చినం. మొదటి కొలతను సగటుల కలపం, ఆయన అడిగినట్టే. గని పారెయ్యం. దాన్ని పైన ఒక వరసల ఏరే చూపెడతం, కింద మిగిలినయాటి సగటు చూపెడతం. చూడాల్సినోడు చూస్తడు, అక్కరలేనోడు కింది వరసే చదువుకుంటడు. అది రాసి, నీళ్లు తోడినంక ఇల్లు ఆరనీకె కిటికీలు తెరిచి పెట్టుకొమ్మని ఒక ముక్క గూడ కలిపిన. అది అమ్మ చెప్పింది.

కట్టు ఇప్పే దినం పొద్దుగాల ఆయన మెయిల్ వచ్చింది. మొదటి వరస నాకు అక్కరకు రాదు, ఉంటే ఉండనీ, నష్టం లేదన్నడు. ఆడికి ఆగలే. మేం చెప్పిన తీరుగ ప్రోగ్రామును ఆయనే మార్చి, నడిపి చూసి, ఆ మార్పును మెయిల్‌కు జతచేసి పంపిండు. దాన్ని నేను తీసి ప్యాకేజీల పెట్టుకునుడే మిగిలింది.

దవాఖానకు పోయే ఆటోల మా నాయినకు చెప్పిన.

"ఒప్పుకున్నడా!" అని మురిసిండు. "బోణీ నిలవడ్డది!"

ఆయన గెలిచిన అనుకుంటుండు. అవతల ఆ నీళ్ల ఇంటాయన, మెయింటైనర్ దిగొచ్చిండని తన దోస్తులతోని చెప్పుకుంటుండవచ్చు. నేను ఇద్దరికీ అవునన్న.

"ఇంకో సంగతి నాయినా. మార్చుడు గూడ ఆయనే మార్చి పంపిండు."

"అంటే?"

"మన పని ఆయనే చేసి ఇచ్చిండు."

మా నాయిన ఆటోల నా దిక్కు జరిగి కూసున్నడు. "గిరాకి తిట్టుకుంట వచ్చి, బల్ల ఇవతలికి దాటి, మన పొట్లం మనకే కట్టిచ్చిండా?"

"ఆ."

"ఉత్తగనే?"

"ఉత్తగనే."

"నా ముప్పై ఏండ్ల దుకాణంల గిసొంటోడు ఒక్కడు రాలేదురా," అన్నడు. అండ్ల ఎకసెక్కం లేదు. నిజంగనే బాధపడ్డడు.

ఇంటికొచ్చినంక, కట్టు ఇప్పిన కండ్లతోని మొదట నా దిక్కు చూసి, తరువాత కింద మూసున్న శెటర్ దిక్కు చూసిండు. "మాట మాటే. గిరాకిని చూపెట్టినవ్. నీ దుకాణం నీది," అన్నడు. అని, అక్కడికే ఆగితే ఆయన మా నాయిన ఎట్లయితడు. "గని పొద్దుగాల పూట గల్లల కూసుంటే ఏం? మీవోళ్లకు అప్పుడు రాత్రే గదా."

"అప్పుడే నాకు ఇంటర్నెట్టు మంచిగొస్తది."

"అయితే సాయంత్రం, షిఫ్టు బస్సులొచ్చే టైము."

"అప్పుడు కరెంటు ఉంటది నాయినా. ఉన్నప్పుడే కట్టుకోవాలె."

"మరి నేను దుమ్ముల కూసోవద్దంటిరి, నువ్వు కూసోవు, దుకాణంల ఎవరు కూసుంటరు? ఆ వెల్డరా?"

"నేను కూసుంట," అన్నది అమ్మ.

మేమిద్దరం ఒకేసారి తిరిగినం. ఆమె చేతులు తుడుచుకుంట గడపల నిలవడి ఉన్నది.

"నీకు బేరం వస్తదా?" అన్నడు మా నాయిన.

"పెండ్లైనకాడికెళ్లి నీతోని చేస్తున్నదేంది మరి?"

మా నాయిన గల్లా తాళంచెవి తీసి ఆమె చేతిల పెట్టిండు. తెల్లారి అమ్మ గల్లల కూసున్నది. నేను పై గదిల తలుపు దగ్గరికేసుకొని, ఇగ నన్ను కదిలిచ్చేటోడు లేడని, ప్యాకేజీ కట్టుడు మొదలువెట్టిన. సగం గూడ కాకముందే కింది నుంచి కేక.

"ఒరేయ్! జెర కిందికి రా, పై అర అందుతలేదు!"

మా నాయిన పొడుగు మనిషి. అరలన్నీ ఆయన చెయ్యి అందే ఎత్తుల కొట్టిచ్చుకున్నడు. అమ్మ ఆయన భుజానికి గూడ రాదు. తాళ్ల చుట్టలు, బకెట్లు, పెద్ద తాళాలు, బేరం గట్టిగ నడిచే సామానంతా పైనే ఉన్నది. ఆ దినం నేను ఎన్నిసార్లు దిగిన్నో, ఎన్నిసార్లు స్టూలు ఎక్కిన్నో లెక్క లేదు. అర కిందికి జరిపిస్త అంటే, "అట్లనే ఉండనీ," అన్నది అమ్మ. ఎందుకో సాయంత్రానికి తెలిసింది.

బొల్లారంకెళ్లి ఒక స్టోర్ కీపర్ వచ్చిండు. తాడు చుట్ట కావాలన్నడు. నేను స్టూలు ఎక్కి, దుమ్ముల దగ్గుకుంట దించిన. ధర ఎక్కువైందన్నడాయన.

అమ్మ నా దిక్కు చెయ్యి చూపెట్టింది. "చూడు బిడ్డా. వాడు పైన కంప్యూటర్ పనిల ఉన్నడు. దేశదేశాల గిరాకులున్నరు వానికి. అన్నీ ఇడిసిపెట్టి నీకోసం దిగొచ్చి ఎక్కిండు. వాని మొహం చూసన్న ఇయ్యి."

స్టోర్ కీపర్ స్టూలు మీదున్న నన్ను తలెత్తి చూసిండు. నేను స్టూలు మీదనే నిలవడి, జెర ఆయాసపడుతున్నట్టు మొహం పెట్టిన.